అక్క రాసిన భాగం

మా ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాం నడుస్తూ మధ్యలో ఆగి కూలిపోతే, కూలిన భాగం ఎవరు రాశారో వాళ్లు ఆ రోజు అందరికీ టీ తెప్పించాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదు. కూలినప్పుడు ఆఖరున ఏ భాగం నడుస్తోందో దాని పేరు తెర మీద పడుతుంది, ఆ పేరు చూసి మనిషిని పట్టుకుంటాం. కూలిన చోటే తప్పు ఉండాలని ఏమీ లేదు. రోడ్డు మీద ఒకచోట కాలు మెలిక పడితే పది అడుగులు పోయాక పడేవాళ్లు లేరా? ఇది మా అందరికీ తెలిసిన సంగతే. అయినా టీ ఊరికే వస్తుంటే న్యాయాన్యాయాలు ఎవరిక్కావాలి?

అక్క పోయిన తర్వాత వచ్చిన వేసవిలో, ఏ వీధి ఎప్పుడు మునుగుతుందో ముందే చెప్పే మా వరద లెక్కని కొత్త యంత్రాల మీద మొదటిసారి నడిపాం. పొద్దున్నే కూలిపోయింది. తెర మీద అక్క భాగం పేరు పడింది. అలవాటు కొద్దీ ఎవరో "ఇవాళ టీ అక్కదే" అనేశారు. అన్న మరుక్షణం నాలిక్కరుచుకున్నారు. అందరం ఎవరి కీబోర్డు వాళ్లం చూసుకుంటూ కూర్చున్నాం. బావగారు లేచి, కిందికెళ్లి, అందరికీ టీ పట్టుకొచ్చి బల్లల మీద పెట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి కొంచెం ఒలికింది. "అయ్యో, కాగితాలు తడిశాయా అమ్మా?" అని తన చేతిరుమాలుతో తుడిచారు.

నాకూ వాళ్లకీ చుట్టరికం ఏమీ లేదు. నేను యంత్రాల గది చూసుకునే మనిషిని. చేరిన కొత్తలో ఆవిడ నన్ను "చెల్లెమ్మా" అని పిలిచింది కాబట్టి ఆవిడ అక్క, ఆవిడ మొగుడు బావగారు. పోనుపోను ఆఫీసు ఆఫీసంతా అదే పట్టుకుంది. ఆవిడకంటే పెద్దవాడైన డైరెక్టరు కూడా "అక్కని అడిగారా?" అనేవాడు. వయసుకి వరస కలవకపోతే మానె, ఆవిడ మాటంటే అందరికీ భయమే.

బావగారు మొదట ఈ ఆఫీసుకి లెక్కల మనిషిగా రాలేదు. వంతెన కింద నీటిమట్టం కొలిచే గుర్తుల స్తంభం ఉంటుంది చూడండి, దాన్ని చదివి ఫోనులో చెప్పే ఉద్యోగంలో చేరారు. వానలో గొడుగు పట్టుకుని నిలబడి, నీళ్లు పల్లపు వీధుల్లోకి ఎక్కడం కళ్లారా చూసిన మనిషి. ఎంత మట్టం వస్తే ఏ వీధి మునుగుతుందో ముందుగా చెప్పొచ్చు కదా అని ఆయనకి ఆ వంతెన కిందే తట్టిందట. ఎవరి దగ్గరో పుస్తకం అడిగి తెచ్చుకుని, పాతకాలపు కంప్యూటర్ భాషొకటి సొంతంగా నేర్చుకున్నారు. అక్క ఆయనకంటే చిన్నది, పద్ధతిగా కాలేజీలో చదువుకుని వచ్చింది. ఆయన లెక్కని కొత్త భాషలోకి మార్చాలని ఆవిడని పక్కన కూర్చోబెట్టారు. ఏడాది తిరిగేసరికి లెక్కతోపాటు ఆయన కూడా మారారు. పెళ్లి చేసుకున్నారు.

నీళ్లు ఎటు పోతాయో లెక్కగట్టేదంతా బావగారి భాగం, ఆవిడ దగ్గర కొత్త భాష నేర్చుకుని ఆయనే రాశారు. అక్కది మెమరీ భాగం. లెక్క చేసుకోవడానికి ప్రోగ్రాంకి జాగా కావాలి. "నాకు ఇన్ని గళ్లు ఇవ్వు" అని అడిగితే కొలిచి ఇవ్వాలి, పని అయ్యాక తిరిగి తీసుకుని ఇంకొకరికి ఇవ్వాలి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం అక్క రాసిన భాగం చూసుకునేది. జాగా విషయంలో ఆవిడంత పిసినారిని నేను చూడలేదు. ఒక్క గడి వృథాగా పోయినా ఒప్పుకునేది కాదు. మనుషులతో కూడా అంతే. ఫ్యాను ఆపకుండా లేచి వెళితే మెట్ల దాకా వెంటపడి వెనక్కి పిలిచేది.

ఇద్దరి బల్లలూ ఎదురెదురుగా కలిపి ఉండేవి. పొద్దస్తమానం కీచులాటే. "మీ చేతిరాత లాగే ఉంది మీ కోడ్" అని ఆవిడ, "నీది నువ్వు చూసుకో, నా జోలికి రాకు" అని ఆయన. మాకది కాలక్షేపం. అయితే బావగారిలో ఒక దుర్గుణం ఉంది, పోయిన మనిషి మంచితనం చెప్పుకుంటున్నాం కదా అని బతికున్నవాళ్ల సంగతి దాచను. ఆయన లెక్కలో తప్పుందంటే తట్టుకోలేరు. నేను చేరిన కొత్తలో ఒకసారి, మీటింగులో అందరి ముందూ అక్క "ఇక్కడ కూడాల్సింది, మీరు తీసేశారు" అంది. నిజమే, తీసేశారు. సరిదిద్దుకున్నారు కూడా. కానీ ఆ తర్వాత చాలా రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఒకే ఇంటికి వెళ్లే మనుషులు వేరువేరు బస్సుల్లో వెళ్లారు. ఆ పంతం తీరాక మళ్లీ మామూలే, కానీ అక్క ఆయన లెక్కలో తప్పు పట్టడం నేను ఇంకెప్పుడూ వినలేదు. ఆయన తప్పులు చెయ్యడం మానేశారనుకున్నాం.

అక్కకి కడుపులో జబ్బు. బయటపడేసరికే ముదిరిపోయింది. ఆస్పత్రి మంచం మీద కూడా "వానలొచ్చేలోపు కొత్త యంత్రాలు వస్తాయా?" అని నన్ను అడిగింది. వస్తాయని చెప్పాను. వాటిని చూడకుండానే పోయింది. బావగారు పనిలోకి వచ్చి, ఎదురు బల్ల అలాగే ఉంచి, ఆ బల్ల మీద దుమ్ము రోజూ తనే తుడుచుకునేవారు.

అలాంటి మనిషి నెత్తిన ఈ కూలిపోవడం వచ్చి పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

కొత్త యంత్రాలు ఒకటి కాదు, వరసగా పేర్చినవి. పని ముక్కలు చేసి తలా కొంచెం పంచుకుని, ఒకదానితో ఒకటి కబుర్లు చెప్పుకుంటూ లెక్క పూర్తి చేస్తాయి. ఆ కబుర్లు నడపడానికి బయటివాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్ ఉంది, దాన్ని లైబ్రరీ అంటారు. దాన్ని మా ప్రోగ్రాంకి కలిపితే చాలు, వెనకటికంటే ఎన్నో రెట్లు వేగం. కలిపాం. అక్క భాగంలో కూలింది. మళ్లీ నడిపాం. మళ్లీ అక్కడే కూలింది.

డైరెక్టరు చెడ్డవాడు కాదు. తొందర మనిషి, అంతే. కాళ్ల కింద నిప్పులు పోసినట్టు నిలబడే మాట్లాడతాడు.

"చూడండి, వానలు దగ్గరకొచ్చేశాయి. ఆమె భాగం పాతబడింది, కొత్తదానితో పొసగట్లేదు. తీసేద్దాం" అన్నాడు.

"ఆమె భాగంలో తప్పు లేదు సార్" అన్నారు బావగారు.

"మరి అక్కడే కదా పడుతోంది?"

"పడుతోంది అక్కడే. తప్పు అక్కడ లేదు. నాకు కొంచెం టైమివ్వండి, చూపిస్తాను."

"మీ బాధ నాకు అర్థమవుతుంది" అన్నాడు డైరెక్టరు. ఈ మాట అన్నవాళ్లెవరికీ ఏమీ అర్థం కాలేదని నా అనుభవం. అయినా టైమిచ్చాడు. ఆలోగా సంగతి తేలకపోతే బయటినుంచి రెడీమేడ్ ప్రోగ్రాం కొనేస్తామన్నాడు.

బావగారు నా గదిలోకి వచ్చి కూర్చున్నారు. "ఇన్నేళ్లు ఒక్క గడి లెక్క తప్పకుండా చూసుకుంది. పోయాక తప్పులు రాసి పోయిందనిపించుకోవాలా అమ్మా? ఆమె వచ్చి చెప్పుకోలేదు కదా. నేను కాకపోతే ఎవరు చెప్తారు?" అన్నారు. నేను కావలసిన యంత్రాలన్నీ ఆయనకి వదిలేశాను. ఇంకేం చెయ్యగలను?

మొదటి చిక్కుముడి తొందరగానే విడింది. మేం కలిపిన లైబ్రరీ కబుర్లతో సరిపెట్టుకోలేదు. జాగా ఇచ్చిపుచ్చుకోవడం కూడా తన పద్ధతిలో సాగితేనే కబుర్లు వేగంగా నడుస్తాయట, అందుకని ఆ పని కూడా నోరెత్తకుండా తన చేతిలోకి తీసేసుకుంది. చుట్టపుచూపుగా వచ్చి వంటింటి తాళాలు నడుముకి దోపుకున్నట్టు. కొన్ని అడగడాలు దాని దగ్గరికి పోతున్నాయి, కొన్ని అక్క దగ్గరికి. అది ఇచ్చిన జాగాని పని అయ్యాక అక్క భాగానికి తిరిగిస్తున్నారు. "ఇది నేనిచ్చింది కాదే" అని అక్క భాగం అక్కడికక్కడ కూలబడుతోంది.

బావగారు నవ్వుతూ వచ్చారు. అక్క పోయాక ఆ మొహంలో నవ్వు చూడటం అదే మొదలు. "ఒక ఒరలో రెండు కత్తులమ్మా! తనది కానిది తీసుకోనంది. ఆమె బుద్ధే ఆమె కోడ్‌కీ వచ్చింది" అన్నారు. నాకూ కళ్లు చెమర్చాయి.

ఇక మిగిలింది ఒరలో ఒక్క కత్తినే ఉంచడం. ముందు అక్క భాగాన్ని ఉంచి లైబ్రరీని దాని జోలికి రానివ్వకుండా చేశాం. నడిచింది. కానీ నత్తనడక. పల్లపు వీధులకి కబురు పంపేలోపు నీళ్లే ముందు వెళ్లేలా ఉన్నాయి. తర్వాత అక్క భాగాన్ని పక్కనపెట్టి లైబ్రరీ ఒక్కదానికే పెత్తనం ఇచ్చాం. బావగారి లెక్క ప్రకారం ఇది హాయిగా నడవాలి.

కూలిపోయింది. ఈసారి అక్క భాగం అందులో లేనే లేదు. ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట, ఎక్కడ పడుతుందో దానికే తెలీనట్టు కూలింది.

యంత్రాలు అమ్మినవాళ్ల ఇంజనీరు ఒకతను వచ్చి చూశాడు. "మా లైబ్రరీ ఎంతమందో వాడుతున్నారండీ. మీ ప్రోగ్రాంలోనే ఎవరో తమది కాని గడిలో రాస్తున్నారు. పక్కవాళ్ల జాగా చెడుతోంది" అన్నాడు. పెద్ద చెప్పొచ్చాడు అనుకున్నాను. తీరా అతను చెప్పిందే నిజమైంది, అందుకు ఇంకా ఒళ్లు మండింది.

"సరే, కంచె వేద్దాం" అన్నారు బావగారు. దానికో పరీక్ష ఉంది. ఇచ్చిన ప్రతి జాగా చివరా కంచెలాంటిది వేసి ప్రోగ్రాంని మెల్లగా నడిపిస్తే, ఎవరు ఒక్క గడి దాటి కాలు పెట్టినా ఆ కోడ్ వరస దగ్గరే పట్టేసుకుంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాం. లైబ్రరీ తప్పే దొరుకుతుందని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఆయన చేతులు కట్టుకుని, దొంగ కోసం మాటు వేసినట్టు కూర్చున్నారు.

దొంగ దొరికాడు. తెర మీద ఫైలు పేరు, వరస పడ్డాయి. అది బావగారి భాగం.

ఆయన వరస తెరిచి చూశారు. చదివారు. మళ్లీ చదివారు. ఆయన నేర్చుకున్న పాత భాషలో గళ్ల లెక్క ఒకటితో మొదలవుతుంది, కొత్త భాషలో సున్నాతో. అక్కడ ఒకటి నుంచి చివరిదాకా వెళితే సరిపోయేది. ఇక్కడ సున్నాతో మొదలెట్టి అదే అంకెదాకా వెళితే ఒక గడి అవతలికి పోయి పక్కవాడి జాగాలో రాస్తాం. వంతెన రోజుల్లో నేర్చుకున్న అలవాటు చేతుల్లోంచి పోక, నది మధ్యనుంచి గట్టుదాకా వెళ్లే ప్రతి చోటా ఒక గడి దాటి రాసేశారు. ఆ ఎక్కువ గడిలోని అంకె ఎవరూ వాడరు కాబట్టి జవాబులు తప్పలేదు. అందుకే ఎవరూ పట్టుకోలేదు.

"ఇది నేను రాసిందే" అన్నారు.

"మరి ఇన్నేళ్లూ ఎలా నడిచింది బావగారూ?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

ఆయన అక్క భాగం తెరిచారు. ఎదురుబొదురుగా కూర్చుని అన్నేళ్లు పనిచేసిన మనిషి, ఆ భాగాన్ని ఎన్నడూ చదివి ఎరగరు. నీది నీదే నాది నాదే అనే పంతం కదా. అందులో జాగా అడగడానికి రెండు దారులున్నాయి. ఒకటి అందరికీ. ఎంత అడిగితే అంతే, కొలిచినట్టు. రెండోది ఒక్క బావగారి లెక్కకే. ఆ దారిన ఎంత అడిగినా దానికి ఒక గడి కలిపి ఇస్తుంది. అడిగినవాళ్లకి చెప్పదు. ఆయన దాటి రాసింది ఆ గడిలోనే పడి ఊరుకునేది. ఒక్క గడి కోసం లోకంతో పోట్లాడే అక్క, ఆయన అడిగిన ప్రతిసారీ ఒకటి వదిలేసింది.

"ఆమెకి తెలుసు" అన్నారు బావగారు.

నేను ఏదో సర్దిచెప్పబోయాను. "మీకు చెబుదామనుకుని మర్చిపోయి ఉంటుంది."

"ఆమె మర్చిపోయే మనిషా?" అన్నారు. "చెప్పడం మానేసిందమ్మా. నాకు చెప్పడం మానేసింది. చెబితే మొహం మాడ్చుకుంటానని, బస్సు మారతానని. ఒక గడి కలిపేస్తే పోతుంది, గొడవుండదు అనుకుంది." ఆగి, నుదురు రుద్దుకున్నారు. "కడుపునొప్పి కూడా చెప్పలేదు. డాక్టరు ఎన్నాళ్లనుంచి అని అడిగితే, ముందు నా మొహం చూసింది. నేను కసురుకుంటానేమో అని చూసింది. ఆ తర్వాత చెప్పింది, ఎప్పటినుంచో ఉందని."

ఆయన ఏడ్చారు. పెద్ద మనిషి ఏడుస్తుంటే ఎటు చూడాలో తెలీక నేను యంత్రాల మీటర్లు చూస్తూ నిలబడ్డాను. నాకు ఆయన మీద కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. అక్క నోరు నొక్కింది ఈయనే అనిపించింది. వెంటనే జాలి కూడా వేసింది. ఆ రెండూ ఇప్పటికీ నాలో అలాగే ఉన్నాయి.

మర్నాడు పొద్దున నేనే ఒక ఉపాయం చెప్పాను. పాము చావకుండా కర్ర విరగకుండా.

"మీ తప్పు సంగతి మనిద్దరికే తెలుసు. లైబ్రరీకి జాగా పెత్తనం ఇవ్వొద్దని డైరెక్టరుకి చెప్పండి. కాస్త నెమ్మదైనా ఈ ఏటికి ఒప్పుకుంటాడు. అక్క భాగం ఉంటుంది. నింద లైబ్రరీ మీదికి పోతుంది. మీ పరువూ దక్కుతుంది" అన్నాను.

"నెమ్మదిగా నడిస్తే పల్లపు వీధులవాళ్లకి కబురు ఆలస్యమవుతుంది."

"కొంచెమే కదండీ."

"నీళ్లు ఎక్కేటప్పుడు కొంచెమంటే ఎంతో నేను చూశానమ్మా" అన్నారు. తర్వాత, "అయినా నా తప్పు దాచడానికి ఆమె ఇంకా ఎన్నాళ్లు పనిచెయ్యాలి?" అన్నారు.

మీటింగులో అందరూ ఉన్నారు. ఒకప్పుడు అక్క ఆయన తప్పు పట్టుకున్న గదే. బావగారు లేచి నిలబడ్డారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలిసీ చించుకున్నారు.

"తప్పు నాది. మొదటినుంచీ నాదే. ఒక గడి దాటి రాశాను. అది ఆమె చూసింది. నాకు చెబితే నేను పడనని, తన భాగంలోనే సర్దుకుంది. అందుకే ఇన్నాళ్లూ దానివల్ల ప్రోగ్రాం కూలలేదు. మీరంతా ఆమె భాగం కూలిందన్నారు. కూలకుండా కాసింది అదే" అన్నారు.

తొందర డైరెక్టరు కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి మెల్లగా, "అయితే మీ వరసలు సరిచేసేస్తే, ఇక ఆమె భాగం అక్కర్లేదు కదా?" అని అడిగాడు. అతన్ని అక్కడే కొట్టాలనిపించింది. కానీ అడిగింది సరైన ప్రశ్నే. నేనైనా అదే అడగాలి.

"అక్కర్లేదు సార్" అన్నారు బావగారు. "నేనే తీసేస్తాను."

"పాత కాపీ ఎలాగూ దాచి ఉంటుంది లెండి" అన్నాడు డైరెక్టరు, ఓదార్పుగా. దాచి ఉంటుంది, నిజమే. ఫోటో ఉన్నట్టు.

బావగారు ముందు తన వరసలు సరిచేశారు. ఒక్కోచోట ఒక్కో అంకె, పెద్ద పనేమీ కాదు. తర్వాత అక్క భాగం తెరిచి, తీసెయ్యకుండా మొదటినుంచి చదవడం మొదలుపెట్టారు. వేలు తెర మీద పెట్టుకుని, పసిపిల్లల్లా, వరస తర్వాత వరస. నన్ను పక్కన కూర్చోమన్నారు. మధ్యలో ఒకచోట ఆగి, "ఎంత పొందిగ్గా రాసిందో చూశావా?" అన్నారు. ఇంకోచోట, "ఇది నాకు తట్టేది కాదు" అన్నారు. ఆవిడ ఉండగా ఆ మాట ఒక్కసారి అని ఉంటే, అక్క పొంగిపోయి ఆఫీసంతా చాటింపు వేసేది. చివరిదాకా చదివాక, మొత్తం ఎంచుకుని, కాసేపు చెరిపే మీట మీద వేలు ఉంచి, నొక్కారు.

ప్రోగ్రాంని మళ్లీ కట్టాం. అన్ని యంత్రాల మీదా వదిలాం. నా గదిలో చల్లగాలి హోరులో ఇద్దరం నిలబడి చూశాం. లెక్క మొదలైంది, నది నిండింది, గట్టు దాటింది, పల్లపు వీధుల్లోకి నీళ్లు వచ్చాయి, ఏ వీధికి ఎప్పుడో అంకెలు పడ్డాయి. ఎక్కడా కూలలేదు. ఇదివరకు టీ తాగి వచ్చేదాకా పట్టే లెక్క, నిలబడ్డచోటే అయిపోయింది. తెర మీద ఎవరి పేరూ పడలేదు.

"నడిచిందా?" అని గుమ్మం దగ్గరనుంచే అడిగాడు డైరెక్టరు.

"నడిచింది సార్" అన్నారు బావగారు. డైరెక్టరు అమ్మయ్య అనుకుంటూ అందరికీ చెప్పడానికి పరిగెత్తాడు. ఆయన తెర వంకే చూస్తూ నిలబడి, నాకు మాత్రం వినపడేలా అన్నారు.

"ఆమె లేకుండా నడిచేసిందమ్మా."